విశాఖకు పోర్ట్ బ్లెయిర్ ఎంత దూరం?

అండమాన్ గురించి రాసిన పుస్తకాల్లో, యాత్రా కరపత్రాల్లో, వెబ్ పేజీల్లో ఏళ్ల తరబడి మూడు అంకెలు తిరుగుతున్నాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నం 1,200, కోల్‌కతా 1,255. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు వీటినే గుర్తుపెట్టుకుంటారు. ఈ అంకెలు చూస్తే ఎవరికైనా చెన్నై అన్నిటికన్నా దగ్గర అనీ, విశాఖ దాదాపు అంతే అనీ, కోల్‌కతా కాస్త దూరం అనీ అనిపిస్తుంది. అండమాన్ వెళ్లాలంటే ముందు చెన్నై చేరుకోవడమే సహజమన్న భావన ఇక్కడి నుంచే బలపడింది.

ఒక అట్లాసు, ఒక కాగితం ఉంటే ఇది తప్పని ఎవరికి వారే తేల్చుకోవచ్చు. విశాఖ విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం 11.64 డిగ్రీల ఉత్తరం, 92.73 డిగ్రీల తూర్పు. అక్షాంశాల తేడా ఆరు డిగ్రీల పైచిలుకు. డిగ్రీకి సుమారు 110.7 కి.మీ. చొప్పున దక్షిణంగా 673 కి.మీ. దిగాలి. రేఖాంశాల తేడా తొమ్మిదిన్నర డిగ్రీలు. ఈ అక్షాంశాల దగ్గర ఒక్కో డిగ్రీ 107.7 కి.మీ. ఉంటుంది కాబట్టి తూర్పుగా 1,024 కి.మీ. జరగాలి. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సూత్రంతో కర్ణం కడితే 1,225 కి.మీ. వస్తుంది. భూమి గుండ్రదనాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకునే పెద్ద సూత్రంతో చేసినా తేడా కొద్ది కిలోమీటర్లే.

ఇదే పద్ధతిలో కోల్‌కతా నుంచి 1,305 కి.మీ., చెన్నై నుంచి 1,370 కి.మీ. వస్తాయి. అంటే పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడలు బయలుదేరే మూడు నగరాల్లో అతి దగ్గరిది విశాఖ. అన్నిటికన్నా దూరం చెన్నై. రెండింటి మధ్య తేడా 145 కి.మీ. భూమి మీద రెండు చోట్ల మధ్య ఉన్న కనీస దూరం కన్నా తక్కువ దూరంలో ఏ ఓడా, ఏ విమానమూ చేరలేదు. కాబట్టి చెన్నైకి 1,190 అన్న అంకె నిలవదు. ఏళ్ల తరబడి అచ్చవుతున్నా, ఎంత పెద్దవాళ్లు రాసినా అది తప్పే.

విమానాశ్రయాల మధ్య దూరాలే చూస్తే భువనేశ్వర్ విశాఖ కన్నా మరో ఇరవై కి.మీ. దగ్గర. శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరం నుంచి కొలిస్తే పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1,180 కి.మీ. దూరంలోనే ఉంది. ఈ చివరి అంకెను నేను ముఖ్యంగా పట్టించుకోవడానికి కారణం, అండమాన్‌లోని తెలుగువాళ్లలో చాలామంది సొంతూళ్లు ఆ తీరం వెంబడే ఉండటం.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైచిలుకు, అంటే దాదాపు యాభై వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం మనదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు వీటిలో ఎక్కువ. స్వాతంత్ర్యం తర్వాత మత్స్యకారులను తీసుకెళ్లి అక్కడ స్థిరపరిచినప్పుడు మన తీరం నుంచీ వెళ్లారు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. వేటకు వెళ్లినవాళ్ల వెనకే తాపీ పనివాళ్లు, కూలీలు, చిరు వ్యాపారులు, టీచర్లు, ప్రభుత్వోద్యోగులు వెళ్లారు. మూడో తరం, నాలుగో తరం అక్కడే పుట్టి పెరిగింది. అయినా పెళ్లి సంబంధాలు, గ్రామదేవత పండగలు, తాతల నాటి పొలం తగాదాలు, ఊళ్లో మిగిలిన ముసలి తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు. వేసవి సెలవుల్లో, సంక్రాంతికి, ఎవరైనా పోయినప్పుడు వాళ్లు మెయిన్‌ల్యాండ్‌కు రావాల్సిందే. ఆ రాకపోకలకు అతి తిన్నని దారి విశాఖ. వాళ్లలో ఎక్కువ మంది ఎక్కాల్సి వస్తున్నది మాత్రం చుట్టుదారి.

సముద్రం మీద

మొదట ఓడ సంగతి చూద్దాం. దూరం గురించి ఓడ చెప్పే సాక్ష్యం నమ్మదగినది. 1858 మార్చి 4న డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో సెమిరామిస్ అనే ఆవిరి ఓడలో కలకత్తా నుంచి బయలుదేరి మార్చి 10న పోర్ట్ బ్లెయిర్ చేరాడు. ఆరు రోజుల ప్రయాణం. ఆ తర్వాత శిక్షాద్వీపానికి కలకత్తాయే ప్రధాన ద్వారమైంది. ఖైదీలు, ఉత్తర్వులు, ఉత్తరాలు ఎక్కువగా అక్కడి నుంచే వెళ్లాయి. ఈనాటికీ అండమాన్ మీద అధికారం కలకత్తా హైకోర్టుదే. పోర్ట్ బ్లెయిర్‌లో దాని సర్క్యూట్ బెంచ్ కూర్చుంటుంది. దూరం అంటే కిలోమీటర్లే కాదు, ఆఫీసు ఎక్కడుందన్నది కూడా అని ఈ చరిత్ర చెబుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక చెన్నై, విశాఖ నుంచి కూడా ప్రయాణికుల ఓడలు నడిచాయి. హర్షవర్ధన, అక్బర్, నాన్‌కౌరీ, నికోబార్, స్వరాజ్ ద్వీప్ వంటి ఓడల పేర్లు అండమాన్ తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. విశాఖలో భానోజీరావు, గరుడ పట్టాభిరామయ్య కంపెనీ దగ్గర టికెట్ కోసం వరసలో నిలబడిన తరం ఇంకా ఉంది. డబ్బున్నవాళ్లు క్యాబిన్‌లో, లేనివాళ్లు బంక్ క్లాసులో. రెండు పగళ్లు, రెండు రాత్రుళ్లు దాటి మరికొన్ని గంటలు. ఓడ ప్రయాణానికి సాధారణంగా చెప్పే సమయాలు ఇవి: విశాఖ నుంచి 56 గంటలు, చెన్నై నుంచి 60, కోల్‌కతా నుంచి 66.

ఈ గంటల్ని పైన కట్టిన దూరాలతో పోల్చి చూడండి. విశాఖ నుంచి 1,225 కి.మీ. అంటే 661 నాటికల్ మైళ్లు. గంటకు 12 నాటికల్ మైళ్లు నడిచే ఓడకు 55 గంటలు పడుతుంది. సరిపోయింది. చెన్నై నుంచి 740 నాటికల్ మైళ్లకు అదే వేగంతో 61, 62 గంటలు. అదీ సరిపోయింది. కోల్‌కతా దూరం చెన్నై కన్నా తక్కువే అయినా సమయం ఎక్కువ పట్టడానికి కారణం హుగ్లీ నది. పోటుపాట్లు చూసుకుంటూ, పైలట్ సాయంతో, ఇసుక మేటలు తప్పించుకుంటూ ఓడ నెమ్మదిగా దిగాలి. కరపత్రంలో అంకె తప్పు రాయొచ్చు గానీ ఓడ నడిచిన గంటలు మారవు. విశాఖే దగ్గరని అవి మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాయి.

మరి విశాఖ ఓడ ఎందుకు పెద్దది కాలేకపోయింది? చెన్నై, కోల్‌కతా నుంచి నెలకు రెండు మూడు ఓడలుంటే, విశాఖ నుంచి నెలకు ఒకటి దొరకడమే గగనం. ఓడ మరమ్మతుకు వెళితే మొదట ఆగేది విశాఖ ప్రయాణమే. దీవుల్లో స్థిరపడినవాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంది. అది గొప్ప సాయం. కానీ తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని కబురు వచ్చిన కొడుకుకు రాయితీ టికెట్‌తో పాటు మర్నాటి ఓడ కూడా కావాలి. అది ఉండదు. అందుకే గత ఇరవై ఏళ్లలో ప్రయాణం విమానం వైపు మళ్లింది.

గాలిలో

పోర్ట్ బ్లెయిర్‌లో విమానాలు దిగే నేల రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటిది. 1942 మార్చిలో దీవుల్ని ఆక్రమించిన జపాన్ సైన్యం లంబాలైన్ దగ్గర ఎయిర్‌స్ట్రిప్ వేయించింది. 1943 డిసెంబరు 29న నేతాజీ సుభాష్ చంద్రబోస్ విమానంలో వచ్చి, మర్నాడు పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ పతాకాన్ని ఎగరేశారు. స్వాతంత్ర్యం తర్వాత తొలి దశాబ్దాల్లో కలకత్తా నుంచి వచ్చే విమానం రంగూన్‌లో ఆగి వచ్చేది. అప్పటి విమానాల శక్తికి, అప్పటి రన్‌వే పొడవుకు ఆ మజిలీ అవసరమైంది. ఇప్పుడు రన్‌వే మూడు వేల మీటర్లు దాటింది. అది నావికాదళానిది, ఐఎన్ఎస్ ఉత్క్రోశ్ అక్కడే ఉంది. పౌర విమానాశ్రయానికి వీర సావర్కర్ పేరు పెట్టారు. 2023 జులై 18న ప్రారంభమైన కొత్త టెర్మినల్ ఏడాదికి 50 లక్షల మందికి సరిపోయేలా కట్టినది. 2024 సెప్టెంబరులో నగరం పేరు శ్రీ విజయ పురంగా మార్చారు. జనం నోట, విమాన టికెట్ల మీద పాత పేరు ఇంకా నడుస్తోంది కాబట్టి నేనూ దాన్నే వాడుతున్నాను.

ఇక ప్రయాణ సమయం. జెట్ విమానం పైకెక్కాక గంటకు సుమారు 830 కి.మీ. వేగంతో వెళుతుంది. 1,225 కి.మీ.ని దానితో భాగిస్తే గంటన్నర. కానీ ఏ టికెట్ మీదా అంత తక్కువ ఉండదు. విమానం తలుపు మూసినప్పటి నుంచి దిగిన చోట తలుపు తెరిచేదాకా ఉన్న సమయాన్నే సంస్థలు లెక్కిస్తాయి. రన్‌వే దాకా నడవడం, పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తగ్గడం, దిగేముందు వరస కోసం చుట్టూ తిరగడం, ఆలస్యమైతే సర్దుకోవడానికి ఉంచుకునే నిమిషాలు కలిపితే మరో అరగంట. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రెండు గంటల పది నిమిషాల అటూ ఇటూగా, హైదరాబాద్ నుంచి రెండున్నర గంటల దరిదాపుల్లో పడుతోంది. ఈ లెక్కన విశాఖ నుంచి నేరుగా వెళితే రెండు గంటల లోపే.

ఇందులో గాలి పాత్ర కొంత ఉంది. దాన్ని చెప్పేటప్పుడు ఒక తెలుగు శాస్త్రవేత్తను తలుచుకోవాలి. భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన పంచేటి కోటేశ్వరం 1958లో ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని ప్రపంచానికి వివరించారు. నైరుతి రుతుపవన కాలంలో దక్షిణాసియా మీద, పద్నాలుగు పదహారు కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు మహా వేగంతో వీచే గాలి అది. దాని దారి మన ద్వీపకల్పం మీదుగా, బంగాళాఖాతం మీదుగా పోతుంది. పది, పన్నెండు కి.మీ. ఎత్తున ఎగిరే విమానానికి దాని పూర్తి బలం తగలదు గానీ అంచు తగులుతుంది. అందువల్ల జులై, ఆగస్టుల్లో అండమాన్ వెళ్లే విమానానికి ఎదురుగాలి, తిరిగొచ్చే విమానానికి వెనుకగాలి. చలికాలంలో పడమటి గాలులు వచ్చి సంగతి తారుమారవుతుంది. గంటకు 60 కి.మీ. గాలి అనుకుంటే విశాఖ దూరానికి తేడా ఆరేడు నిమిషాలు. ప్రయాణికుడికి అది పెద్ద తేడా కాదు. ఇంధనం లెక్క కట్టే వారికి మాత్రం ప్రతి నిమిషమూ లెక్కే.

ఇంధనం దగ్గరే అండమాన్ ప్రయాణానికి ఒక ప్రత్యేకత ఉంది. హైదరాబాద్‌లో దిగడం కుదరకపోతే విమానం విజయవాడకో, బెంగళూరుకో పోతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటే రన్‌వే. పక్కన మరో పౌర విమానాశ్రయం లేదు. వాన, పొగమేఘం కమ్మితే విమానం కొంతసేపు గాలిలో కాచుకుని, తెరిపి ఇవ్వకపోతే సముద్రం దాటి వెనక్కి రావాలి. ఆ ఇంధనాన్ని ముందే నింపుకుని బయలుదేరాలి. అంత బరువు మోయాలంటే సీట్లో, సరుకులో కొంత వదులుకోక తప్పని రోజులుంటాయి. చిన్న పట్టణాల మధ్య తిరిగే ఏటీఆర్ వంటి ప్రొపెల్లర్ విమానాన్ని విశాఖ నుంచి అండమాన్‌కు పంపడం ఎందుకు కష్టమో ఇక్కడ అర్థమవుతుంది. గంటకు 500 కి.మీ. వేగంతో అది రెండున్నర గంటల పైనే ఎగరాలి. వెళ్లడానికి, అవసరమైతే తిరిగి రావడానికి కావలసిన ఇంధనం నింపితే ప్రయాణికులకు చోటు తగ్గుతుంది. ఈ దారికి పెద్ద జెట్ విమానమే కావాలి, అది నిండాలి. సమస్య మొత్తం ఆ నిండటంలోనే ఉంది.

ఈ సముద్రం మీద ఎగరడం ఎంత బాధ్యతతో కూడిన పనో మన విశాఖకు బాగా తెలుసు. 2016 జులై 22న ఉదయం 8.30కి చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 11.45కు చేరవలసి ఉండగా కనబడకుండా పోయింది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఏడేళ్ల పైచిలుకు ఆ కుటుంబాలు ఏ ఆనవాలూ లేకుండా గడిపాయి. 2024 జనవరిలో చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. తీరంలోని రాడార్లకు అందని మధ్య సముద్రం ఎలాంటిదో ఆ ఘటన చెప్పింది. నేటి పౌర విమానాలు ఉపగ్రహాల ద్వారా తమ జాడ తెలుపుతూ వెళ్తాయి. ఆ రోజు పోయిన ఎనిమిది మంది ఇళ్లు విశాఖలో ఉన్నాయి. వాళ్లు సముద్రం దాటడానికి తాంబరం దాకా వెళ్లి విమానం ఎక్కవలసి వచ్చింది.

చుట్టుదారి

విశాఖ నుంచి నేరుగా విమానం లేనప్పుడు ప్రయాణికుడికి మిగిలే దారులు మూడు. చెన్నై మీదుగా వెళితే 618, 1,370 కలిపి 1,990 కి.మీ. కోల్‌కతా మీదుగా 2,075. హైదరాబాద్ మీదుగా 2,170. తిన్నగా పోతే 1,225 ఉన్న చోట 760 నుంచి 950 కి.మీ. అదనం. వీటిలో హైదరాబాద్ దారి చూస్తే మనసు చివుక్కుమంటుంది. సముద్రం ఒడ్డున ఉన్న మనిషి తూర్పున ఉన్న దీవికి వెళ్లడానికి ముందు 510 కి.మీ. పడమరకు పోవాలి. అక్కడ విమానం మారి మళ్లీ తూర్పుకు రావాలి. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు గీసిన తిన్నని గీత మచిలీపట్నం ప్రాంతంలో తీరం దాటుతుంది. అంటే పొద్దున్నే బయలుదేరిన విశాఖ ప్రయాణికుడు మధ్యాహ్నానికి మళ్లీ ఆంధ్ర తీరం మీదకే వస్తాడు.

ఎగిరే సమయం మూడున్నర, నాలుగు గంటలే అయినా అసలు నష్టం నేల మీద జరుగుతుంది. మధ్యలో రెండు గంటల నుంచి ఆరేడు గంటల దాకా కాచుకోవాలి. పోర్ట్ బ్లెయిర్ విమానాలు చాలాకాలంగా ఎక్కువగా ఉదయం వేళల్లోనే తిరుగుతున్నాయి. అందువల్ల ముందురోజు రాత్రే చెన్నైకో హైదరాబాద్‌కో చేరి విమానాశ్రయంలో తెల్లవార్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. పసిపిల్లలతో, ముసలివాళ్లతో, చేపల పచ్చడి జాడీలతో, కొత్త బట్టల మూటలతో ఆ రాత్రి గడపడం తేలిక కాదు. రెండు గంటల్లో అయ్యే ప్రయాణం ఒక పూటను, కొన్నిసార్లు ఒక రోజును మింగేస్తోంది.

ఉదయం వేళకే ఎందుకు మొగ్గు అంటే కారణాల్లో సూర్యుడూ ఉన్నాడు. మన దేశ ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడకు కొద్ది దూరంలోనే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీల పైన తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు 41 నిమిషాలు ముందుంటాడు. గడియారం రెండు చోట్లా ఒకటే కాబట్టి టికెట్ మీది గంటలు నేరుగా తీసివేసుకుంటే ప్రయాణ సమయం వచ్చేస్తుంది. కానీ సాయంత్రం ఐదున్నరకే అక్కడ చీకటి పడుతుంది. పగటి వెలుగు మీద ఆధారపడిన రోజుల్లో మధ్యాహ్నం దాటితే రాకపోకలు దాదాపు ఆగిపోవడం ఆ దీవుల అలవాటైంది.

విదేశాల వైపు చూస్తే ఈ దూరాల అసలు రూపు తెలుస్తుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి యాంగాన్ 690 కి.మీ. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ 725. బ్యాంకాక్ 900. భారత ప్రధాన భూభాగంలోని ఏ నగరమూ ఇంత దగ్గర లేదు. కౌలాలంపూర్ 1,395 కి.మీ., అంటే చెన్నై కన్నా పాతిక కి.మీ. మాత్రమే ఎక్కువ. 2024 నవంబరులో ఎయిర్ ఏషియా కౌలాలంపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు విమానం మొదలుపెట్టింది. మలేసియా సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్లకు బయలుదేరిన గంటకూ దిగిన గంటకూ గడియారంలో దాదాపు తేడా ఉండదు. మలేసియా సంస్థ ఒకటి లెక్కలు వేసుకుని రాగలిగినప్పుడు, అంతకన్నా 170 కి.మీ. దగ్గరున్న, యాభై వేల మంది బంధువులున్న విశాఖకు విమానం ఎందుకు నిలవదన్న ప్రశ్న సహజంగా వస్తుంది.

ఎందుకు నిలవలేదు

విశాఖ నుంచి నేరుగా ప్రయత్నాలు జరగలేదని కాదు. ఎయిర్ ఇండియా కొంతకాలం నడిపింది, అది నిలబడలేదు. నేను చూసినంతలో కారణాలు మూడు. చెన్నై, కోల్‌కతా విమానాలకు దేశం నలుమూలల నుంచి వచ్చే పర్యాటకులు తోడవుతారు. విశాఖ విమానం ప్రధానంగా ఉత్తరాంధ్ర రాకపోకల మీదే బతకాలి. ఆ రాకపోకలు ఏడాదంతా సమంగా ఉండవు, సెలవుల్లో పొంగి వానాకాలంలో తగ్గుతాయి. ఇక విశాఖ విమానాశ్రయం కూడా నావికాదళానిదే, ఐఎన్ఎస్ డేగా. రెండు చివరలా సైనిక రన్‌వేలే కావడంతో పౌర విమానానికి అనుకూలమైన వేళ దొరకడం కష్టం.

ఈ మూడింటిలో చివరిది మారుతోంది. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు దూరం అయిదారు కి.మీ. మాత్రమే తగ్గుతుంది, అది లెక్కలోకి రాదు. పౌర విమానాలకు సొంత రన్‌వే, సొంత వేళలు రావడం, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు విశాఖ ట్రాఫిక్ దాటే పని తప్పడం మాత్రం పెద్ద మేలు.

మొదటి రెండింటికీ డబ్బు సాయం కావాలి, ఓపిక అంతకన్నా ఎక్కువ కావాలి. 2018 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నష్టపూరణ హామీ ఇచ్చి విజయవాడ నుంచి సింగపూర్‌కు ఇండిగో విమానం నడిపించింది. 2019లో ఆ సాయం ఆగగానే విమానమూ ఆగింది. కొన్ని నెలల సాయంతో దారి అలవాటు కాదు. మరోవైపు, విమాన సంస్థలు లాభసాటి మార్గాల్లో నడిపే సామర్థ్యానికి తగిన నిష్పత్తిలో ఈశాన్యం, అండమాన్, లక్షద్వీప్ వంటి ప్రాంతాలకూ నడపాలన్న నిబంధన 1994 నుంచి ఉంది. సంస్థలు ఆ బాధ్యతను చెన్నై, కోల్‌కతా మార్గాల్లోనే తీర్చేసుకుంటున్నాయి. విశాఖ మార్గం కూడా ఆ లెక్కలోకి వస్తుందని గుర్తుచేసి అడిగే వాళ్లు కావాలి.

సీట్లు నిండవన్న భయాన్ని ఒక చిన్న లెక్కతో పరీక్షిద్దాం. 180 సీట్ల విమానం వారానికి రెండుసార్లు నడిస్తే ఏడాదికి ఒకవైపు 18,720 సీట్లు. అండమాన్‌లోని యాభై వేల తెలుగువాళ్లలో మూడో వంతు మంది ఏడాదికొకసారి ఇంటికి వచ్చినా పదహారు వేలు దాటుతారు. విశాఖ నుంచి వెళ్లే పర్యాటకులు, తూర్పు నావికాదళం, అండమాన్ నికోబార్ కమాండ్ ఉద్యోగుల రాకపోకలు అదనం. రోజువారీ విమానం అడగడం తొందరపాటు. వారానికి రెండు మాత్రం అడగదగ్గ కోరికే.

వేళ కూడా ముఖ్యం. మూడు రోజులు నడిపి, వేళ మార్చి, నెల తర్వాత ఆపేసి, మళ్లీ సీజన్‌లో మొదలుపెట్టే విమానాన్ని ఎవరూ నమ్ముకోరు. పెళ్లి ముహూర్తం పెట్టుకునే కుటుంబం నాలుగు నెలల ముందు టికెట్ కొంటుంది. ఆ విమానం ఆ రోజు ఉంటుందన్న నమ్మకం కలిగాకే చెన్నై దారి వదులుతుంది. అలాంటి నమ్మకానికి కనీసం రెండేళ్లు, సెలవులు, వానాకాలాలు రెండు విడతలు గడవాలి.

నా అభిప్రాయం ఇది. భోగాపురం నుంచి వారానికి రెండుసార్లు, ఉదయం వేళ, రెండేళ్లపాటు ఆపకుండా పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం నడవాలి. నష్టం వస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అండమాన్ పాలనా యంత్రాంగం, కేంద్రం కలిసి భరించాలి. విశాఖ ఓడను నెలకు రెండుసార్లకు పెంచాలి. విమానం టికెట్ కొనలేని బంక్ క్లాసు ప్రయాణికుడికి అదొక్కటే ఆధారం. ఉత్తరాంధ్ర ఎంపీలు, అండమాన్ ఎంపీ ఈ విషయాన్ని పార్లమెంటులో కలిసి అడగాలి. పాఠ్యపుస్తకాలు, సాధారణ జ్ఞానం పుస్తకాలు రాసేవాళ్లు 1,190, 1,200, 1,255 అన్న పట్టికను తీసేసి విశాఖ 1,225, కోల్‌కతా 1,305, చెన్నై 1,370 అని వేయాలి. మీ ఇంట్లో అండమాన్ బంధువులుంటే, వాళ్లు వచ్చే దారి, పట్టే గంటలు, అయ్యే ఖర్చు రాసి మీ ఎంపీకి ఒక ఉత్తరం పంపండి.